ఈ ఇత్తడి నత్తకి నీళ్ళెక్కడ పోస్తారు?

పోయిన నెలలో ఒక రాత్రి మా అక్క కూతురికి బొమ్మల పుస్తకం చదివి వినిపిస్తున్నాను. దానికి ఆరేళ్ళు. పుస్తకం స్టీమ్‌పంక్ తరహాది, అంటే ఆవిరి యంత్రాలు, ఇత్తడి గొట్టాలు, పళ్ళచక్రాలు, తోలు కళ్ళద్దాలు, గాల్లో తేలే ఓడలు, అలాంటి లోకం. అందులో ఒక పిల్లాడు గదంత ఇత్తడి నత్తని పెంచుకుంటాడు. నత్త గుల్లే బాయిలర్. కొమ్ముల చివర కళ్ళకి బదులు రెండు ప్రెషర్ మీటర్లు, వెనకాల పొడుగాటి పొగగొట్టం, గుల్ల చుట్టూ లెక్కపెట్టలేనన్ని చక్రాలు. బొమ్మలు చాలా బాగున్నాయి, ఆ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా ఫిర్యాదులాగే ఉంటుంది.

ఐదారు పేజీలు అయ్యాక పిల్ల నా చెయ్యి పట్టుకుని పేజీ తిప్పనివ్వలేదు.

“పిన్నీ, దీనికి నీళ్ళెక్కడ పోస్తారు?”

చూశాను. నత్త ఒంటి మీద మూత లేదు, కుళాయి లేదు, గరాటా లేదు. “పొగ వస్తోందిగా, మరి నిప్పేదీ?” అని మళ్ళీ అడిగింది. నిప్పు వేసే తలుపు కూడా ఎక్కడా లేదు. పొగగొట్టం నుంచి మాత్రం తెల్లటి పొగ ముద్దలు ముద్దలుగా పోతోంది. నాకు తెలీదమ్మా అన్నాను. అప్పుడది పుస్తకం నా చేతుల్లోంచి లాక్కుని మొదటి పేజీ నుంచి చివరి అట్ట దాకా వేలు పెట్టి వెతికింది. కథలో తర్వాత నత్త ఎగిరింది, తుఫానులో చిక్కుకుంది, ఊరిని కాపాడింది. అవేవీ దాని చెవికెక్కలేదు. నీళ్ళు పోసే చోటు దొరకలేదు కాబట్టి ఆ నత్త మీద దానికి నమ్మకం పోయింది.

నెల రోజులుగా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇలాంటి పుస్తకాలు నేను చాలానే చదివాను, నా కోసం కూడా కొనుక్కుంటాను, ఇష్టం కాబట్టి. వింత జంతువుని పెంచుకునే స్టీమ్‌పంక్ బొమ్మల పుస్తకం అనేది ఎంత మంచి ఆలోచనో, దాన్ని చాలామంది ఎంత తేలిగ్గా చేజార్చుకుంటున్నారో ఇప్పుడు నాకు స్పష్టంగా కనిపిస్తోంది. ఆ పుస్తకానికి ప్రాణం పోషణలో ఉంది. ఆ జీవికి ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎవరు శుభ్రం చెయ్యాలి, వదిలేస్తే ఏమవుతుంది. రెక్కలూ తుఫానులూ దాని తర్వాతే.

అది ఇంగ్లిష్ పుస్తకం, నేను అప్పటికప్పుడు తెలుగులో చెబుతూ చదివాను. “ఒక నత్త ఉండేది” అనొచ్చు, కానీ నా నోటికి “నత్తని పెంచుకున్నాడు” అనే వచ్చింది. మన భాషలో జంతువుని ఉంచుకోం, పెంచుతాం. పెంపుడు కుక్క, పెంపుడు కొడుకు, రెండింటికీ ఒకటే మాట. ఆ మాట అన్నాక పిల్లకి ప్రశ్న రావడంలో ఆశ్చర్యం లేదు. పెంచాడంటున్నావు, మరి ఏం పెట్టి పెంచాడు?

స్టీమ్‌పంక్ అన్న మాట పుట్టింది ఈమధ్యే. 1987లో కె. డబ్ల్యు. జీటర్ అనే అమెరికన్ రచయిత లోకస్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రికకి ఉత్తరం రాస్తూ, తానూ తన స్నేహితులూ రాస్తున్న విక్టోరియా రాణి కాలపు వింత కథలకి ఏదో ఒక పేరు ఉండాలి కదా అని ఆ మాట వాడాడు. పెద్దవాళ్ళ నవలల్లో మొదలైంది, తర్వాత బట్టలకీ నగలకీ బొమ్మలకీ పాకింది, పిల్లల పుస్తకాలకీ వచ్చింది. కానీ వేరు ఇంకా లోతుగా ఉంది. జూల్ వెర్న్ అనే ఫ్రెంచ్ రచయిత 1880లో ఒక నవల రాశాడు, అందులో ఆవిరితో నడిచే ఉక్కు ఏనుగు ఒకటి చక్రాల మీద రెండు ఇళ్ళని లాక్కుంటూ కలకత్తా నుంచి ఉత్తరాదికి ప్రయాణం చేస్తుంది. తొండంలోంచి పొగ. ఇప్పుడు ఎవరైనా గీస్తే స్టీమ్‌పంక్ అనే అంటాం. ఆ ఏనుగు మాయ కాదు, లోపల బాయిలర్ ఉంది, దాన్ని చూసుకునే ఇంజనీరు ఉన్నాడు, చివరికి అది ఆ బాయిలర్ పేలి నాశనమవుతుంది. ఇంజను ఎంతవరకు ఓర్చుకుంటుందో వెర్న్ మర్చిపోలేదు. మర్చిపోయింది తర్వాతివాళ్ళు. ఆకారం తీసుకున్నారు, కడుపు వదిలేశారు.

నాకు బాధ కలిగించేది ఇదే. మనిషి చేసిన యంత్రాలన్నిట్లో జంతువుకి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఆవిరి ఇంజనే. ఫోనుకి ఆకలి వెయ్యదు, ప్లగ్గు పెడితే చాలు. ఆవిరి ఇంజను తింటుంది, తాగుతుంది, ఊపిరి తీస్తుంది, బూడిద వదుల్తుంది. ఊపిరి అన్నది వర్ణన కోసం అన్న మాట కాదు. పాత రైలింజన్‌లో పిస్టన్‌ని తోసేశాక మిగిలిన ఆవిరిని పొగగొట్టం అడుగు నుంచి పైకి వదుల్తారు. అది పైకి దూసుకుపోతూ కొలిమిలోని పొగని తనతో పాటు లాగేస్తుంది, ఆ ఖాళీలోకి బయటి గాలి నిప్పుల మీదుగా దూరి మంటని రాజేస్తుంది. అంటే ఇంజను ఎంత కష్టపడితే దాని మంట అంత రాజుకుంటుంది, మనం పరిగెత్తితే రొప్పినట్టు. రెండు సిలిండర్ల మామూలు ఇంజనైతే దాన్ని నడిపే చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు నాలుగుసార్లు చుక్ అంటుంది. చిన్నప్పుడు మనం ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని ఆడిన రైలాటలో చేసిన చప్పుడు అదే. మనవాళ్ళు దానికి పొగబండి అని పేరు పెట్టింది కూడా ఊరికే కాదు, కంటికి ముందు కనిపించింది దాని ఊపిరే.

ఇంకా ఉంది. చల్లారిపోయిన పెద్ద ఇంజన్ని స్విచ్ నొక్కి లేపలేరు. గంటల ముందే వచ్చి నెమ్మదిగా నిప్పు రాజెయ్యాలి, తొందరపడితే లోహం ఒక చోట వేడెక్కి ఒక చోట చల్లగా ఉండి పాడవుతుంది. రాత్రి బూడిద తియ్యాలి. కీళ్ళన్నిటికీ చుట్టూ తిరిగి నూనె పెట్టాలి. నీళ్ళలోని ఖనిజాలు లోపల గార కడతాయి, పళ్ళకి కట్టినట్టే, ఆ గార పేరుకుంటే కింద రేకు మాడిపోతుంది కాబట్టి ఎప్పటికప్పుడు బాయిలర్ కడగాలి. నీరు మరిగి ఆవిరైతే సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది, ఆ ఒత్తిడి ఎక్కువైతే వదలడానికి సేఫ్టీ వాల్వ్ ఉండాలి, అది పనిచేస్తోందో లేదో చూస్తూ ఉండాలి. ఇదంతా చదువుతూ ఉంటే మీకేం గుర్తొస్తోంది? నాకైతే ఇంట్లో గుర్రాన్నో ముసలి కుక్కనో చూసుకునేవాళ్ళ రోజు గుర్తొస్తోంది. పొద్దున్నే లేవడం, నీళ్ళు పెట్టడం, కింద శుభ్రం చెయ్యడం, చెవులు చూడడం, గోళ్ళు చూడడం. పెంపుడు జంతువు కథకి ఆవిరి యంత్రం ఇంత చక్కగా అతికినట్టు ఇంకేదీ అతకదు. అలాంటిది ఆ అతుకునే వదిలేసి, ఇత్తడి రంగు ఒక్కటీ తీసుకుంటే ఏం లాభం.

పళ్ళచక్రాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది నాకు నిజంగా చిరాకు. రెండు చక్రాల పళ్ళు ఒకదాన్నొకటి కరుచుకుంటే అవి ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి. మూడు చక్రాలని త్రికోణంలా పెట్టి ప్రతిదాన్నీ మిగతా రెండింటితో కరిపిస్తే ఏదీ తిరగదు, బిగుసుకుపోతాయి. ఇది ఆట సామాను చక్రాలతో ఐదేళ్ళ పిల్లలు కూడా కనిపెట్టేస్తారు. అయినా ఎన్ని అట్టల మీద ఆ బిగుసుకుపోయిన మూడు చక్రాలు చూశానో. గీసినవాళ్ళకి అవి పువ్వుల్లాంటివి, ఖాళీ కనిపించిన చోటల్లా ఒకటి అతికించారు. పది పళ్ళ చిన్న చక్రం నలభై పళ్ళ పెద్ద చక్రాన్ని తిప్పితే పెద్దది ఒక చుట్టు తిరిగేసరికి చిన్నది నాలుగు చుట్లు తిరగాలి. ఇందులో ఎంత కథ ఉందో చూడండి. నత్త మెల్లగా పాకుతుంటే లోపల ఎక్కడో ఒక చిన్న చక్రం పిచ్చి పరుగు పెడుతూ ఉంటుంది, అదే ముందు అరిగిపోతుంది, దాన్ని మార్చడానికి పిల్లాడు ఎక్కడెక్కడో తిరగాలి. చక్రం నిజంగా చక్రమైతే కథని అదే నడిపిస్తుంది.

ఈ మాటలు ఒక స్నేహితురాలితో అంటే ఆవిడ, పిల్లల పుస్తకానికి ఫిజిక్స్ పరీక్ష పెడతావేంటి, ఇది సరదా, ఊహ, దాన్ని అలా వదిలెయ్ అంది. ఈ మాట చాలామంది అంటారు కాబట్టి సూటిగా జవాబు చెబుతాను. నేను నిజం అడగట్లేదు. నత్త బొగ్గే తినాలని ఎవరన్నారు? పాత ఉత్తరాలు తింటుందని చెప్పండి, అప్పుడు ప్రేమలేఖలు వేస్తే మంట గులాబీ రంగులో వస్తుంది, కోర్టు కాగితాలు వేస్తే పొగ ఘాటెక్కి అందరూ దగ్గుతారు. వాన నీళ్ళే తాగుతుందని చెప్పండి, అప్పుడు ఎండాకాలం వచ్చేసరికి ఆ ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. సేఫ్టీ వాల్వ్ దాని కోపం కావచ్చు, ఎవరైనా తోక మీద కాలేస్తే ఈల వేస్తుంది. ఇవన్నీ అబద్ధాలే, కానీ అడిగిన ప్రశ్నకి జవాబులు. ఊహకి పని పడేది అక్కడే. నీళ్ళెక్కడ పోస్తారని పిల్ల అడిగితే ‘ఊహలో అవన్నీ అడక్కూడదు’ అనడం ఊహని కాపాడడం అవుతుందా? ఊహించే పని చేతకాక తప్పించుకోవడం అవుతుంది.

నిజానికి పాత మరబొమ్మలు చేసినవాళ్ళు ఈ విషయంలో మనకంటే నయం. 1739లో ఫ్రాన్స్‌లో జాక్ ద వోకాన్సాన్ ఒక మర బాతుని చూపించాడు. అది మెడ చాచి గింజలు తినేది, కాసేపటికి వెనక నుంచి రెట్ట వేసేది. జనం విరగబడి చూశారు. అరగడం మాత్రం నిజం కాదని తర్వాత తేలింది, రెట్ట ముందే లోపల పెట్టి ఉంచేవారు. మోసమే, ఒప్పుకుంటాను. అయినా బాతు అన్నాక తినాలి, తిన్నాక బయటికి పోవాలి అని ఆయనకి తట్టింది చూడండి. ఇత్తడి నత్త గీసినవాళ్ళకి అదే తట్టలేదు.

రెండో అభ్యంతరం ఒకటుంది, ఇది కొంచెం బలమైనది. బొమ్మల పుస్తకం సాధారణంగా 32 పేజీలు. పెద్ద కాగితాన్ని మడతపెట్టి కత్తిరిస్తే వచ్చే లెక్క అది. అందులో పేరు పేజీ, హక్కుల పేజీ పోగా కథకి మిగిలేది పది పన్నెండు జోడు పేజీలు. నీళ్ళు పొయ్యడానికీ బూడిద ఎత్తడానికీ చోటెక్కడ? నా జవాబు, మాటల్లో పెట్టక్కర్లేదు, బొమ్మలో పెట్టండి. బొమ్మల పుస్తకానికి ఆద్యుడని చెప్పే ఇంగ్లిష్ చిత్రకారుడు రాండాల్ఫ్ కాల్డెకాట్ 1880ల్లోనే ఇది చేసి చూపించాడు. ఒక చిన్న పిల్లల పాట ఉంది, చివర్లో పళ్ళెం చెంచాతో లేచిపోయిందని అయిపోతుంది. ఆయన పుస్తకంలో మాటలు అక్కడ ఆగిపోతాయి, కానీ పేజీ తిప్పితే ఇంకో బొమ్మ ఉంటుంది. పళ్ళెం ముక్కలై పడి ఉంటుంది, చెంచాని అమ్మా నాన్నల్లాగా ఫోర్కూ కత్తీ చెరో పక్కా పట్టుకుని తీసుకుపోతుంటాయి. ఒక్క మాట లేదు. సరదాగా లేచిపోయినందుకు ఏమైందో మొత్తం తెలిసిపోతుంది. ఆ మాత్రం చోటు ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. పిల్లాడు తుఫానులోకి బయల్దేరే బొమ్మలో ఒక మూల సగం నిండిన బకెట్టు పెట్టండి. కాలర్ మీద మసి మరక పెట్టండి. మొదటి పేజీలో తళతళలాడిన ఇత్తడికి చివరికొచ్చేసరికి మడతల్లో పచ్చటి చిలుము పట్టించండి, ఒక్క ముక్కు మీద తప్ప, అక్కడ వాడు రోజూ నిమురుతాడు కాబట్టి. పిల్లలు ఇవన్నీ చూస్తారు. మనం మాటలు చదువుతుంటే వాళ్ళు బొమ్మని చదువుతుంటారు.

నాకు ఇది ఎందుకింత పట్టింపో చెప్పాలి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఇంట్లో ఒక తాబేలు ఉండేది. చెవుల దగ్గర ఎర్ర చారలుండే రకం, అరచేతిలో పట్టేంతది. దాన్ని నేను ప్లాస్టిక్ టబ్బులో, నీళ్ళల్లో, గదిలో ఒక మూల పెట్టాను. ప్రేమ లేక కాదు. దానికి పేరు పెట్టాను, దాని మీద కథలు రాశాను, ఒక కథలో దానికి రాగి రెక్కలు, వీపు మీద చిన్న పొగగొట్టం కూడా ఉన్నాయి. కానీ దానికి నీళ్ళలోంచి పైకెక్కి ఒళ్ళు ఆరబెట్టుకునే చోటు కావాలని నాకు తెలీదు. ఎండలోని అతినీలలోహిత కాంతి పడితేనే దాని ఒంట్లో డి విటమిన్ తయారై, క్యాల్షియం ఒంటబట్టి డిప్ప గట్టిపడుతుందని తెలీదు. అది 20, 30 ఏళ్ళు బతికే జీవి అనీ, పెద్దదైతే అడుగు పొడుగు దాకా పెరుగుతుందనీ తెలీదు. కొన్ని నెలలకి డిప్ప మెత్తబడింది. వేలితో నొక్కితే లోపలికి పోయేది. అది పోయిన రోజు నాకింకా గుర్తుంది, దాని మీద రాసిన కథల నోటుబుక్కు మాత్రం నేను మళ్ళీ తెరవలేదు. నా కథల్లో అది సముద్రాలు దాటింది. టబ్బులో అది ఎండ కోసం చూసింది.

అందుకే వింత పెంపుడు జంతువు పుస్తకం చేతిలోకి తీసుకోగానే నేను ముందు వెతికేది దాని ఎండ ఎక్కడుందో అని.

అందుకే ఈ పుస్తకాల్లో తరచూ వచ్చే ఒక ముగింపు కూడా నాకు మింగుడుపడదు. జంతువు పెద్దదవుతుంది, ఇల్లు పట్టదు, గోడలు విరగ్గొడుతుంది, అప్పుడు పిల్లాడు కన్నీళ్ళతో దాన్ని స్వేచ్ఛగా వదిలేస్తాడు, అది సూర్యాస్తమయంలోకి ఎగిరిపోతుంది. చూడ్డానికి ఉదాత్తంగా ఉంటుంది. కానీ నేను పెంచిన ఆ ఎర్ర చెవుల తాబేలు జాతి ఇప్పుడు ప్రపంచంలో అతి ఎక్కువ హాని చేసే వంద చొరబాటు జాతుల జాబితాలో ఉంది. పెద్దదయ్యాక విసుగొచ్చి చెరువుల్లో వదిలేసినవాళ్ళ వల్ల అది అంతగా వ్యాపించింది, అక్కడ ముందు నుంచీ ఉన్న తాబేళ్ళ చోటూ తిండీ లాగేసుకుంటోంది. ఆ వదిలేసినవాళ్ళలో చాలామంది దానికి స్వేచ్ఛ ఇస్తున్నామనే అనుకుని ఉంటారు. ఇక ఆవిరి నత్త సంగతికొస్తే, బొగ్గేసేవాడు లేకుండా ఎగిరిపోయిన నత్త ఎంత దూరం పోతుంది? నీళ్ళు అయిపోయి ఆ కొండ అవతలే కూలిపోతుంది. సూర్యాస్తమయం బొమ్మ గీసినవాళ్ళు కొండకి అవతల ఏముందో కూడా గీస్తే నేను వాళ్ళని నమ్ముతాను.

స్టీమ్‌పంక్ ఏ కాలాన్ని అంతగా ప్రేమిస్తుందో, ఆ కాలమే వింత జంతువుల పిచ్చి పట్టిన కాలం కూడా. 1853లో లండన్ జూలో చేపల ఇల్లు తెరిచారు, మరుసటేడు ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త అక్వేరియం మీద పుస్తకం రాశాడు, అంతే, ఇంటింటా గాజు తొట్టెలు వెలిశాయి. కవీ చిత్రకారుడూ అయిన రొసెట్టి 1869 సెప్టెంబరులో ఒక వామ్‌బాట్‌ని తెచ్చుకున్నాడు, ఆస్ట్రేలియాలో బొరియల్లో ఉండే జంతువు అది. ఎంతో ముద్దు చేశాడు. నవంబరుకే అది చచ్చిపోయింది, ఆయన కన్నీళ్ళు తుడుచుకుంటున్న తన బొమ్మ తనే గీసుకున్నాడు. జంబో అనే ఏనుగుని 1882లో లండన్ జూ వాళ్ళు అమెరికా సర్కస్‌కి అమ్మేస్తే, అమ్మొద్దని వేలమంది పిల్లలు రాణికి ఉత్తరాలు రాశారు. మూడేళ్ళ తర్వాత, 1885 సెప్టెంబరు 15న, కెనడాలో ఆ ఏనుగు గూడ్సు రైలు కింద పడి చనిపోయింది. ఆవిరి ఇంజనే దాన్ని చంపింది. మర ఏనుగుల బొమ్మలు చూసినప్పుడల్లా నాకు ఆ పట్టాలు గుర్తొస్తాయి. పిల్లల పుస్తకంలో చావులు పెట్టమని కాదు నేననేది. ఆ కాలం నుంచి ఇత్తడి ఒక్కటే తీసుకొస్తే ఏం పోగొట్టుకుంటున్నామో గీసేవాళ్ళకి తెలిసి ఉండాలి, అంతే.

ఈ లోకానికి ముద్దుబిడ్డ ఆక్టోపస్. స్టీమ్‌పంక్ అట్టల మీద దానికున్నంత గిరాకీ ఇంక దేనికీ లేదు. నిజమైన ఆక్టోపస్‌కి మూడు గుండెలు, నీలం రక్తం. మామూలు రకం బతికేది ఒకటి రెండేళ్ళు. 2016లో న్యూజిలాండ్ నేషనల్ అక్వేరియంలో ఇంకీ అనే ఆక్టోపస్ తొట్టె మూత సందులోంచి బయటపడి, నేల మీద పాక్కుంటూ పోయి, నీళ్ళు పోయే గొట్టంలో దూరి సముద్రం చేరిన వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇంత తెలివి, ఇంత తక్కువ ఆయుష్షు, మూత కొంచెం వదులైతే చాలు మాయమయ్యే ఒళ్ళు. ఇలాంటి జీవిని పెంచడం అంటే రోజూ మూత చూసుకోవడం, రోజులు లెక్కపెట్టుకోవడం. దీన్ని ఇత్తడితో చేసి టోపీ పెట్టి టీపాయ్ పక్కన కూర్చోబెడితే మిగిలేది ఎనిమిది చేతుల కుర్చీ.

అన్నీ తిడుతున్నాను కాబట్టి, నా దృష్టిలో ఈ తరహాకి అసలు సిసలు వస్తువు ఏదో చెబుతాను. అది ఏ పుస్తకంలోనూ పుట్టలేదు, బొగ్గు గనుల్లో పుట్టింది. గనుల్లో కార్బన్ మోనాక్సైడ్‌ని కనిపెట్టడానికి కెనరీ పిట్టల్ని తీసుకెళ్ళొచ్చని 1890ల్లో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. పిట్ట మనకంటే వేగంగా ఊపిరి తీస్తుంది కాబట్టి విషవాయువు దానికి ముందు తగులుతుంది, అది సొమ్మసిల్లితే మనుషులు బయటికి పరిగెత్తాలి. ఇంతవరకే తెలిస్తే ఎంత క్రూరం అనిపిస్తుంది, క్రూరమే. కానీ వాటి కోసం చేసిన పంజరాల్లో ఒక రకం ఉంది. చిన్న లోహపు పెట్టె, అద్దాల గోడలు, ముందు గుండ్రటి జాలీ తలుపు, పైన పట్టుకునే పిడిలాగా ఒక చిన్న సిలిండర్. ఆ సిలిండర్‌లో ఆక్సిజన్ ఉంటుంది. పిట్ట పడిపోగానే గని కార్మికుడు తలుపు మూసి, వాల్వ్ తిప్పుతాడు, లోపల ప్రాణవాయువు నిండుతుంది, పిట్ట మళ్ళీ లేస్తుంది. బ్రిటన్ గనుల్లో కెనరీలు 1986 దాకా ఉన్నాయి, తర్వాత వాటి స్థానంలోకి యంత్రాలొచ్చాయి. ఆ పంజరం ఫొటో మొదటిసారి చూసినప్పుడు నేను చాలాసేపు అలాగే ఉండిపోయాను. వాల్వు ఉంది, మర ఉంది, లోహం ఉంది, అన్నీ ఒక్క చిన్న ఊపిరి చుట్టూ అమర్చి ఉన్నాయి. అందులో అలంకారానికి పెట్టిన మేకు ఒక్కటి కూడా లేదు. గని కార్మికుల పిల్ల ఒకతి ఆ సిలిండర్ నిండిందో లేదో రోజూ రాత్రి చూసే కథ ఎవరైనా రాస్తే, నేను పది కాపీలు కొంటాను.

మర మీద పిల్లలకి ప్రేమ రాదేమో అనే అనుమానం ఎవరికైనా ఉంటే, 1996లో జపాన్‌లో వచ్చిన టమగోచిని గుర్తుచేసుకోండి. గుడ్డంత బొమ్మ, మూడు బటన్లు, నలుపు తెలుపు చుక్కల్లో ఒక పిల్ల జీవి. తిండి పెట్టాలి, కింద శుభ్రం చెయ్యాలి, మర్చిపోతే చచ్చిపోతుంది. అందులో సాహసాల్లేవు, ఎగరడాల్లేవు. పని ఒక్కటే ఉంది, దానికే పిల్లలు ప్రాణం పెట్టారు. 1999లో సోనీ చేసిన ఐబో అనే మర కుక్క సంగతి ఇంకా దూరం వెళ్ళింది. కంపెనీ కొన్నేళ్ళకి ఆ పాత కుక్కల రిపేర్లు ఆపేసింది, అప్పుడు పాడైపోయిన వాటికి జపాన్‌లో ఒక బౌద్ధాలయంలో వరసగా పేర్చి ప్రార్థనలు చేశారు, తర్వాత వాటి భాగాలు తీసి ఇంకా నడుస్తున్న కుక్కలకి పెట్టారు. మోకాలి మోటారు పోయిన కుక్కకి ఇంకో కుక్క మోకాలు. అచ్చంగా బొమ్మల పుస్తకం కథ, ఎవరూ కల్పించలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఏం చేస్తున్నామంటే, పిల్లకి పుస్తకం నచ్చకపోతే పక్కన పెట్టట్లేదు. ట్రేసింగ్ కాగితం పేజీ మీద పరిచి, లేనివన్నీ పెన్సిల్‌తో గీస్తున్నాం. నత్తకి గుల్ల నడినెత్తిన మూత వచ్చింది, పిల్లాడికి అందదని నిచ్చెన కూడా వచ్చింది. నిప్పు తలుపు పొట్ట కింద పెట్టింది, నేల కాలుతుందని నేనంటే రెండో కాగితం వేసి పక్కకి మార్చింది. మూడు చక్రాల్లో ఒకదాన్ని చెరిపేసింది. ప్రెషర్ మీటర్ల ముళ్ళు రెండు కళ్ళల్లో రెండు రకాలుగా ఉన్నాయి, అందుకని ఆ నత్తకి ఆ రోజు ఒంట్లో బాగాలేదని తీర్మానించింది.

ఈ వారం ఇంకో పుస్తకం, ఆక్టోపస్‌ది. నీళ్ళు తేలాయి, నిప్పు తేలింది. బూడిద ఎక్కడికి పోతుందో ఇంకా తేలలేదు. ఎనిమిది చేతుల్లో ఒకటి ఖాళీగా ఉంది, దానికి బకెట్టు ఇచ్చేద్దామని అది అంటోంది. రోజూ వేడి బూడిద మోస్తే ఆ ఒక్క చెయ్యే ముందు అరిగిపోతుంది కదా అని నేనంటున్నాను. చేతులు మార్చుకుంటూ మోస్తుందంది. ఎవరు గుర్తుచేస్తారు మరి, అన్నాను. ఆలోచిస్తోంది. కాగితం ఆ పేజీలోనే పెట్టి ఉంచాం.